మునెమ్మ ఉతికిన చొక్కాలు

"తాతా, అవ్వకు ఏం జబ్బు వచ్చి పోయింది? ఇంట్లో ఎవరెవరికి ఏమేం జబ్బులు వచ్చినాయో రాసుకోని రమ్మన్నారు మా ల్యాబు కాలేజీలో. నాయన్నడిగితే 'ఊపిరి జబ్బులే' అని లేసి పోతాండాడు."

పోతాడులే. వాడు అట్లే పోతాడు. నువ్వు కూర్చో పాపా. ఆ ఫోన్లో నా మాట పట్టుకుంటే పట్టుకో, ఈడ తిన్నె మీద పెట్టు. నేను మెల్లగా చెప్తా, మధ్యలో ఆయాసమొస్తే ఆపుతా, నువ్వు తొందర పడొద్దు. జబ్బు పేరు కావాలంటే ఒక్క మాటే. క్యాన్సరు. ఊపిరితిత్తుల మీద పల్చగా పొర ఒకటి ఉంటాదంట, దానికి వచ్చె. అది రాసుకుంటే నీ కాగితం అయిపోతాది. అది యాడి నుంచి వచ్చిందో చెప్పాలంటే మాత్రం నా బతుకు చెప్పాల.

మీ అవ్వ మునెమ్మ కుప్పం పక్క మనిషి. వాళ్ళ నాయన ఆవులు, గొర్రెలు పెట్టుకోని బతికినోడు. ఆ పక్క సగం అరవం కలిపి మాట్లాడతారు కదా, వచ్చిన కొత్తలో అన్నాన్ని సోరు అంటాండె. మా అమ్మ నవ్వి నవ్వి సచ్చేది. మాది ఈ పుంగనూరు పక్క పల్లే, ఇదే ఇల్లు. అంటే ఈ మిద్దె కాదులే, అప్పుడు కొట్టం. ఐదెకరాల మెట్ట, నాలుగు పొట్టి ఆవులు. వాన పడితే చెనిక్కాయలు, పడకపోతే ఆకాశం సూసేది. మీ నాయన పుట్టకముందు... కాదు కాదు, పుట్టబోయే ముందర, మీ అవ్వ నీళ్ళాడేదానికి రెండు నెలలుందనంగా, బాయి ఎండిపోయె. అడుగున బురద కూడా లేదు. అరవై ఎనిమిదో తొమ్మిదో, నాకు సరిగ్గా గుర్తు లేదు.

మదనపల్లెలో ఒక కార్ఖానా పెట్టినారు, మనుషులు కావాలంట అని ఎవరో చెప్పిరి. పోతి. పేరు వద్దులే, ఇప్పుడు అది లేదు, దాని యజమానీ లేడు. రాతినార తాళ్ళు చేసే కార్ఖానా. రాతినార అంటే తెలుసునా? ఆస్బెస్టాస్ అంటారు ఇంగ్లీషులో. రాయే అది, భూమిలోంచి తవ్వేదే, అయితే దంచితే పత్తి మాదిరి నార నారగా విడిపోతాది. దాన్ని తాడు పేని, బాయిలర్లకు, ఇంజన్లకు, నూనె మిల్లుల పొగగొట్టాలకు చుడతారు. కాలదు కదా, అందుకని.

నా పని గోతాలు విప్పేది. ఆ నారను చేత్తో పీకి పీకి మిషన్లో వేసేది. పొద్దున కిటికీలోంచి ఎండ పడితే ఆ దుమ్ము ఎట్ల మెరిసేదనుకున్నావు! మంచు మాదిరి. బాగుంటాండె సూసేదానికి, అబద్ధమెందుకు చెప్పాల. సాయంత్రానికి నా మీసం, కనురెప్పలు, చెవులు అంతా తెలుపే. పాతికేండ్లు కూడా లేనోన్ని, ముసలోడి మాదిరి కనపడతాంటి. ముక్కుకు గుడ్డ కట్టుకునే అలవాటు ఎవరికీ లేదు, కట్టుకోమని చెప్పినోడూ లేడు. మా మేస్త్రి ఉండె, పొడుగ్గా, మంచోడే పాపం. కొత్తగా చేరినోడికల్లా తాడు ముక్క ఒకటి తీసి, బీడీ నిప్పు దాని మీద పెట్టి సూపించేవాడు. "సూడప్పా, నిప్పే దీన్ని ఏం చెయ్యలేదు" అని. మేమంతా అబ్బో అని సూస్తాంటిమి. పదహైదు పైసలకు టీ ఇచ్చే అంగడి ఒకటి ఉండె గేటు ముందర, ఆడికి కూడా ఆ తెల్ల ఒంటితోనే పోయి తాగుతాంటిమి. గ్లాసులో పడేది. తాగేస్తాంటిమి.

కార్ఖానా వెనకే ఒక సందు. ఎనిమిది రూములు వరసగా, మధ్యలో ఒక కొళాయి. అన్నీ మా మాదిరి పనోళ్ళ కాపరాలే. ఆడ ఒక రూము బాడుగకు తీసుకోని మునెమ్మను పిలుచుకోనొస్తి. పక్క రూములో వెంకటమ్మ అని, అంగళ్లు అనే ఊరి మనిషి, ఆమె మొగుడు కూడా నా మాదిరే గోతాలు విప్పేవాడు. ఇద్దరూ అక్కా చెల్లెలి మాదిరి ఉండిరి.

మీ అవ్వకు దుమ్మంటే పడదు. రాగిపిండి ఒలికినా తుడిచేదాకా నిలబడదు. నేను పని నుంచి వస్తానే వాకిట్లోనే నిలబెట్టి చొక్కా విప్పించేది. దాన్ని గడపకేసి కొట్టి, రెండు చేతులతో పట్టుకోని ఇట్ల... ఇట్ల విదిలించి దులిపేది. మేఘం మాదిరి లేసేది. తుమ్ముకుంటా, "ఏమయ్యా, మదనపల్లె దుమ్మంతా నువ్వే మోసుకోనొస్తావా" అని తిట్టేది. తర్వాత కొళాయి కాడికి పోయి ఉతికేది. రోజూ. ఆదివారం ఒక్కటి తప్ప, తొమ్మిదేండ్లు. నేనొకసారి, నేనే ఉతుక్కుంటాలే నీకు నడుం నొప్పి కదా అంటే, నా చేతిలోంచి పెరుక్కోని "నువ్వు ఉతికితే ఉతికినట్టుంటాదా" అనె.

పెరుక్కోకుండా ఉండింటే... సర్లే. నీళ్ళు ఇట్లీ.

...ఆఁ. తొమ్మిదేండ్లయినాక మా నాయన కాలం చేసె. వానలు కూడా కొంచెం తిరుక్కోనుండె. పని మానేసి ఈడికి వచ్చేస్తిమి. ఆవుల్ని పెంచితిమి, బాయి లోతు చేస్తిమి, బోరు వేస్తిమి. మీ నాయన్ని పుంగనూరు బడిలో చేర్పిస్తిమి. పదేండ్లు బాగా బతికినాము పాపా. ఆ కార్ఖానా మాటే మర్చిపోయినాము.

ఎనభై తొమ్మిదిలో అనుకుంటా, చెనిక్కాయలు పీకే టయములో. పొద్దున పాలు పితికేదానికి కూర్చుంది. పొట్టి ఆవు, దానికి కూర్చునేదే కిందికి. సగం పితికి లేసి, ఆవు మీద చెయ్యి పెట్టి నిలబడిపోయె. "ఏమే" అంటే, "ఊపిరి అందలా, ఉండు" అనె. మళ్ళ కూర్చోని పితికె. అట్ల మొదలు.

మా ఊరికొచ్చే డాక్టరు ఉబ్బసమని మందిచ్చె. తగ్గలా. టీబీ అని మాత్రలిచ్చిరి ఇంకో కాడ, అవి మూడు నెలలు మింగి ఒళ్ళంతా నీరసం తప్ప ఏం లేదు. ఒక పక్క ఎదలో నొప్పి, ఊపిరితిత్తి చుట్టూ నీళ్ళు చేరె. సూదితో నీళ్ళు తీస్తే రెండు వారాలు బాగుంటాది, మళ్ళ చేరతాది. అప్పుడు ఎవరో, బెంగుళూరుకు పిలుచుకోని పోండి, ఆడ పెద్దాసుపత్రిలో ముక్క తీసి సూస్తారు అనిరి.

బస్సెక్కితిమి, ముల్బాగల్ మీద. ఆడ ఒక డాక్టరమ్మ సూసె. కోలారు పక్క మనిషి, తెలుగు బాగా మాట్లాడె, మధ్యమధ్యలో కన్నడం వచ్చేది. ముక్క తీసి పరీక్షకు పంపి, పది దినాలకు మళ్ళ రమ్మనె. పోతిమి. కూర్చోబెట్టి, మొదట జబ్బు మాట చెప్పలా. ప్రశ్నలు అడిగె.

"ఏం పని చేస్తావమ్మా?"

"సేద్యం. ఆవులుండాయి."

"గనుల్లో ఏమన్నా పని చేసినావా? రాళ్ళు కొట్టే పని?"

"లేదమ్మా."

"మీ ఆయన?"

నేను చెప్తి, ఇట్ల రాతినార కార్ఖానాలో తొమ్మిదేండ్లు అని. ఆయమ్మ పెన్ను కింద పెట్టె. నన్ను సూడలా, మునెమ్మనే సూస్తా అడిగె, "ఆయన బట్టలు ఎవరు ఉతికింది?"

మీ అవ్వ నవ్వె పాపా. "నేనే. ఇంకెవరు ఉతుకుతారు?" అనె.

డాక్టరమ్మ నవ్వలా.  చదువు రానోన్నే కానీ, నాకు అప్పుడే అర్థమాయె. ఆ తర్వాతే ఆయమ్మ జబ్బు పేరు చెప్పె.

నేనడిగితి. "అమ్మా, గోతాలు గోతాలు పీల్చినోన్ని నేను. ఆమె చొక్కా మాత్రమే దులిపింది. నాకు రావాల కదా" అని. నాకూ ఎక్సరే తీపించిరి. నా ఊపిరితిత్తుల మీద కూడా మచ్చలుండాయి, ఇప్పటికీ ఉండాయి. "ఎక్కువ పీల్చినోళ్ళకు ఎక్కువ ప్రమాదం, అది నిజమే. అట్లని తక్కువ పీల్చితే రాదని లేదు. ఎవరికి వస్తాదో, ఎవర్ని వదిలేస్తాదో మేం కూడా ముందుగా చెప్పలేం" అనె.

ఎట్ల వస్తాదో కూడా చెప్పింది, నేను అడిగితే. ఓపికగా చెప్పింది. ఆ నార ఉండాది సూడు, మనం కంటికి కనపడేదాన్నే దుమ్ము అంటాము, కనపడంది ఇంకా సన్నం. వెంట్రుకను నూరు ముక్కలుగా నిలువుగా చీలిస్తే ఎంతుంటాదో అంత. ముక్కులో నిలబడదు, దగ్గితే రాదు. లోపల చివరిదాకా పోయి గుచ్చుకుంటాది, ఆ పొర దాకా కూడా పోతాదంట. ఒంట్లో చెత్త ఊడ్చే కణాలుంటాయంట, ఏదన్నా బయటిది వస్తే మింగేసేవి. అవి వస్తాయి. ఈ నార వాటికంటే పొడుగు. సగం మింగి, మింగలేక, కక్కలేక, అవే సచ్చి వాటిలో ఉండే ఘాటంతా చుట్టూ పోస్తాయి. ఇంకోటి వస్తాది, అదీ అంతే. నిప్పుకే కాలనిది ఒంట్లో యాడ కరుగుతాది? ఇరవై ఏండ్లు, ముప్పై ఏండ్లు అట్లే ఉంటాది, ఆ చోటు వాస్తానే ఉంటాది, రగలతానే ఉంటాది.

మిగతాది నువ్వు చెప్పినావు కదా మొన్న, అవ్వ మాట ఎత్తకుండా నేను ఆస్బెస్టాస్ సంగతి అడిగితే. ఆ రాత... డీయెన్నే. ఒక్కో కణంలో అది ఎట్ల బతకాల, ఎప్పుడు రెండు కావాల, ఎప్పుడు ఆగాల అని రాసుంటాదని. నువ్వు చెప్తాంటే నాకు నీరుగట్టుపల్లె మగ్గాలు గుర్తొచ్చె. పట్టుచీరల మగ్గం మీద చిల్లులేసిన అట్టలు తిరగతా ఉంటాయి కదా, ఆ చిల్లుల్ని బట్టే పువ్వు పడతాది. ఒక అట్టలో చిల్లు తప్పు పడితే ఇంక ప్రతి చీరలో అదే తప్పు. అంతేనా? ఆ ఘాటు, ఆ నార మీదుండే ఇనుము, రెండూ కలిసి ఆ రాతను కాలుస్తాయని చెప్పినావు. కణం రెండుగా చీలేటప్పుడు ఈ నార అడ్డంపడి, రాత సరిగ్గా పంచుకోకుండా తెంపుతాదని కూడా. ఒళ్ళు దిద్దుకుంటాదంట, పాపం. చానా వరకు దిద్దుకుంటాది. దిద్దలేకపోతే ఆ కణాన్ని అదే సంపేసుకుంటాది. ఏండ్ల తరబడి తప్పు మీద తప్పు పడి, ఆఖరికి 'ఆగు' అని చెప్పే రాతే పోతే, ఇంక దాన్ని ఆపేదెవరు. పెరగతానే ఉంటాది. ముప్పై అయిదేండ్లకు నాకు పూర్తిగా తెలిసింది, నువ్వు చెప్తే. తెలిసి ఏం చేసేది. ఊరికే తెలుసుకున్నట్టుంది.

బీడీ కూడా మానేయమనె ఆయమ్మ. రాతినార పీల్చినోళ్ళు బీడీ తాగితే ఊపిరితిత్తుల క్యాన్సరు ఇంకా తొందరగా పట్టుకుంటాదని. ఆసుపత్రి గేటు కాడ కట్ట పారేస్తి. మళ్ళ తాగలా.

తిరుక్కోని వచ్చేటప్పుడు బస్సులో మునెమ్మ కిటికీ పక్కన కూర్చుంది. నేను ఎదురు సూస్తాంటి, తిడతాదని. తిడితే బాగుండు అనుకుంటా ఉంటి. కోలారు దాటె, ముల్బాగల్ దాటె. కిటికీలోంచి సూస్తానే ఉండి, ఉన్నట్టుండి, "వెంకటమ్మకు చెప్పాలయ్యా" అనె.

"ఏమని?"

"ఆమె ఇంకా ఉతకతాంది కదా."

నేను చెప్పొస్తాలే నువ్వు ఇంట్లో ఉండు అంటే వినలా. నాలుగు దినాల తర్వాత మదనపల్లెకు పిలుచుకోని పోతి. బస్టాండు నుంచి ఆ సందుకు నడిచి పోయే దూరమే, మూడు చోట్ల కూర్చుంది. ఒక సైకిలు అంగడాయన స్టూలు వేసి నీళ్ళిచ్చె. పోయేటప్పటికి ఆడోళ్ళంతా కొళాయి కాడ ఉండిరి. వెంకటమ్మ ఈమెను సూసి గుర్తు పట్టలా మొదట. అంత సన్నగైపోయింది.

గడప మీద కూర్చోని చెప్పె. ఒక మాట చెప్పి ఊపిరి పీల్చుకోని ఇంకో మాట. "నాకు వచ్చింది మీ మొగుళ్ళ చొక్కా మీద ఉండాది. దులపొద్దండి. వాకిలి బయటే విప్పించి నీళ్ళలో ముంచండి. నానినాక ఉతకండి. ఆ నీళ్ళు ఇంటి ముందర పోయొద్దు. పిల్లల్ని ఆ బట్టల కాడికి రానియ్యొద్దు" అని. డాక్టరమ్మను అడిగి తెలుసుకోని వచ్చినవే అవన్నీ, వరసగా చెప్పె.

ఒకామె, కొత్త కాపరం, నాకు పేరు తెలీదు, గట్టిగా అరిసె. "ఈ మాట యజమాని చెవిన పడితే మా ఆయన పని పోతాది. పనిలేకపోతే మా పిల్లలకు నువ్వు పెడతావా? మీరు తొమ్మిదేండ్లు తిని ఎల్లిపోతిరి, ఇప్పుడొచ్చి మాకు చెప్తాండారు" అనె.

మునెమ్మకు కోపం రాలా. "పని మానమని నేను చెప్పలా తల్లీ. నేను కూడా ఆ కూడే తిన్నాను. దులపొద్దు అంటాండా, అంతే" అనె. అని, తీగ మీదుండే చొక్కా అడిగి తీసుకోని, బక్కెట్లో నీళ్ళు పట్టించి, కట్టెతో ముంచి సూపించె. మోకాళ్ళ మీద కూర్చోని. ఆ కట్టె తిప్పేదానికి కూడా బలం లేదు ఆ మనిషికి. అరిసినామె వచ్చి ఆ కట్టె తీసుకోని తానే ముంచె. 

నేను పోయి మేస్త్రికి చెప్తి. ఆయనకూ అప్పటికే దగ్గు. అంతా వినె. బీడీ తాగతానే వినె. "నాకు ముందే అనుమానముండె రెడ్డెప్పా, నిద్రలో ఈల మాదిరి వస్తాంది నాకు" అనె. తర్వాత ఆయన, ఇంకో పది మంది కలిసి అడిగితే కార్ఖానా లోపలే ఒక కొళాయి వేయించిరంట, బట్టలు ఆడే మార్చుకోని వచ్చేదానికి. ఎన్ని దినాలు నడిచిందో ఏమో. కొన్నేండ్లకు కార్ఖానానే మూసేసిరి, మనుషుల కోసరం కాదు, సరుకు పోక. వెంకటమ్మ మాత్రం మొన్నటి దాకా బాగుండె. ఆమెకు రాలా. ఎందుకు రాలేదో దేవునికే తెలియాల.

మునెమ్మ ఆ ఏడు దాటలా. ఆఖర్లో వాళ్ళమ్మ కాడికి పోతానంటే కుప్పం పక్కకు పిలుచుకోని పోతి, పలమనేరు మీద. ఆడ పంచలో మంచమేసి, దిండ్లు పెట్టి కూర్చోబెడతాంటిమి. పడుకుంటే ఊపిరాడదు. పగలంతా గొర్రెలు పోయేది, వచ్చేది సూస్తాండె. మధ్యాన్నం టయములో పోయింది, రాగి గంజి రెండు గుక్కలు తాగి. నేను పక్కనే ఉంటి. ఆ మనిషి పోయినందుకు ఏడ్సాలో, ఆ ఊపిరి కోసరం పీక్కునేది ఆగిపోయినందుకు దండం పెట్టాలో తెలీలా నాకు.

ఇదీ పాపా. ఇంతవరకు మీ నాయనకూ తెలుసు, కొంచెం అటూ ఇటూగా. అందుకే లేసి పోతాడు.

ఇంకొకటి ఉండాది. ఆ ఫోను... ఉండనీలే, ఉండనీ. 

బెంగుళూరులో ఆ డాక్టరమ్మ ఇంకో ప్రశ్న అడిగె, అన్నిటికంటే ఆఖర్న. "ఆ రూములో ఉన్నప్పుడు మీకు చిన్నపిల్లలుండారా?" అని. నేను నోరు తెరిసేలోపల మునెమ్మ "లేరమ్మా, పల్లెకొచ్చినాకే పుట్టినాడు" అనేసె. బల్ల కింద నా చెయ్యి గట్టిగా పట్టుకోనుండె.

మీ నాయన పుట్టింది ఆ రూములోనే పాపా. నడక వచ్చినప్పటి నుంచి, నేను సందు తిరగతానే పరిగెత్తుకోని వచ్చి కాళ్ళు కరుసుకునేవాడు. ముఖమంతా నా పంచలో పెట్టేవాడు. ఎత్తుకుంటాంటి. ఆ తెల్లదంతా వాడి నెత్తిలో పడతాండె, మునెమ్మ కొంగుతో తుడిచేది. ఎనిమిదేండ్లొచ్చేదాకా.

కుప్పంలో ఆ మంచం కాడ నేనడిగితి, "ఆ సందులో ఆడోళ్ళందరికీ చెప్పినావు, నీ బిడ్డ సంగతి ఎందుకు దాచినావు?" అని. దిండుకు ఆనుకోని ఊపిరి పీల్చుకునె. తర్వాత, "వాడికి ఇప్పుడే ఇరవై దాటినాయి. ఇప్పటి నుంచే రొమ్ము మీద చెయ్యి పెట్టుకోని బతకాలా? పెండ్లి కానీ, పిల్లలు కానీ. నువ్వుండావు కదా, టయమొచ్చినప్పుడు నువ్వు చెప్పు" అనె.

పెండ్లాయె. నువ్వు పుట్టితివి. నీకు చెవులు కుట్టించిరి. నువ్వు బడికి పోతివి, కాలేజీకి పోతివి. రేపు చెప్దాం, రేపు చెప్దాం అని... వాడు ఆవుల కొట్టం వెనక పోయి సిగరెట్టు తాగతాడు పాపా, నాకు తెలీదనుకుంటాడు. వాసన రాదా నాకు? అప్పుడన్నా చెప్పింటే అది మానేసి ఉండేవాడు. వాడి ముఖం సూస్తే నాకు నోరు రాదు. మొన్న గడ్డిమోపు దించి రెండుసార్లు దగ్గితే నాకు ఆ రాత్రంతా... ఊరికే దగ్గే అయ్యుంటాది. గడ్డి దుమ్ముకే అయ్యుంటాది. అందరికీ రాదు కదా. నువ్వే చెప్తివి కదా, అందరికీ రాదని.

ఏడవొద్దు. ఏడవొద్దులే తల్లీ, నేను చెప్పింది ఏడ్సేదానికి కాదు. ఎక్సరే తీస్తారు కదా మీ కాలేజీ ఉండే తిరుపతిలో? ఆ గుండ్రంగా తిరిగే మిషను, స్కానింగు, అదన్నా సరే. నువ్వు పిలుచుకోని పో. నువ్వే చెప్పు వాడికి... కాదు. వద్దు. నేనే చెప్తా. నువ్వు ఊరికే నా పక్కన కూర్చో, సాలు. నాకు మధ్యలో మాట ఆగిపోతే నువ్వు అందుకో.

నువ్వు మాత్రం సల్లగా బతకాల పాపా. ఊపిరనేది ఒకటి ఉండాదని తలుచుకునే పని కూడా లేకుండా బతకాల. వాడు వస్తాండాడు సూడు, ఆవుల్ని తోలుకోని. పిలువు. నాయనా, ఇట్ల రారా అని... నువ్వు పిలువు, నా గొంతు అంత దూరం పోదు.